తడి ఆరకముందే

చలికాలంలో చర్మానికి ఖరీదైన సీసా కన్నా సరైన వేళ ముఖ్యం. కోరుట్ల నుంచి కథలాపూర్ మీదుగా సిరిసిల్ల దాకా, పగిలిన చేతుల వెంట ఒక కథనం.

ధనుర్మాసం తెల్లవారుజాము. ఇగం పెడుతున్న వాకిట్లో సాన్పు చల్లి ముగ్గు వేసే చేయి కాసేపటికి బోరు నీళ్లలో బోళ్లు తోముతుంది. ఆ తర్వాత బట్టలు పిండుతుంది. పదకొండు గంటలకు చాట ముందేసుకుని, రాత్రి నానబెట్టిన తునికాకు కత్తిరించి తంబాకు పోసి చుట్టడం మొదలుపెడుతుంది. ముగ్గుపిండి, సబ్బు, తడి ఆకు, పొడి తంబాకు ఒకే పూటలో ఒకే చర్మం మీద పడతాయి. వాటికి తోడు పొద్దున్నే వీచే ఎండుగాలి. సాయంత్రానికి వేలి కణుపుల మీద సన్నటి గీతలు తేలతాయి, పులుసు తగిలితే చుర్రుమంటాయి. చలికాలం చర్మ సంరక్షణ అనగానే పత్రికలన్నీ ముఖాన్నే ముద్రిస్తాయి. జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల్లో ఆ కథ చేతుల దగ్గరా కాళ్ల దగ్గరా మొదలవుతుంది.

కోరుట్ల నుంచి సిరిసిల్లకు పోయే దారి కథలాపూర్, రుద్రంగి, చందుర్తి, వేములవాడ దాటుకుంటూ సాగుతుంది. 2016 అక్టోబరులో పాత కరీంనగర్ జిల్లాను విడదీసినప్పుడు కథలాపూర్ జగిత్యాలలో, రుద్రంగి రాజన్న సిరిసిల్లలో కలిశాయి. చలికి జిల్లా హద్దులు పట్టవు. ఈ దారి పొడవునా మనుషులు చేతులతోనే బతుకుతారు. కోరుట్ల, కథలాపూర్ వైపు ఆడవాళ్లు బీడీలు చుడతారు. సిరిసిల్లలో మగవాళ్లు సాంచాల (మరమగ్గాల) మధ్య నూలు దుమ్ములో గంటల తరబడి నిలబడతారు. జనవరి దాటగానే పసుపు తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబోయడం మొదలవుతాయి. గల్ఫ్‌కు వెళ్లినవాళ్లలో ఎందరో అక్కడ సిమెంటు కలుపుతారు. సిమెంటులోని క్రోమియం చేతులకు తెచ్చే ఎగ్జిమాకు చర్మవైద్యంలో ప్రత్యేక అధ్యాయమే ఉంది. వాళ్లు సెలవుకు ఊరొచ్చినప్పుడు పెట్టెలో తెచ్చే లోషన్లు, క్రీములు అరల్లో వరసగా నిలబడి ఉంటాయి. చుట్టాలొస్తే చూపించడానికే తప్ప పిక్కల మీదికి అవి దిగేది తక్కువ.

గోడకు పడే బీట

చర్మం పైపొర చాలా పల్చన. అరచేయి, అరికాలు వదిలేస్తే మిగతా ఒంటి మీద అది మిల్లీమీటరులో యాభయ్యో వంతు కూడా ఉండదు. చచ్చిన కణాలు ఇటుకల్లా, వాటి మధ్య సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు సున్నంలా ఉండి ఈ పొర గోడగా నిలుస్తుంది. ఒంట్లోని నీరు బయటికి పోకుండా, బయటి సబ్బూ దుమ్మూ లోపలికి రాకుండా ఆపేది ఇదే. గోడ బాగున్నప్పుడు కూడా చెమటతో సంబంధం లేకుండా రోజుకు 300 నుంచి 400 మిల్లీలీటర్ల నీరు చర్మం గుండా మనకు తెలియకుండానే ఆవిరవుతుంది.

చలిగాలి ఈ లెక్కను తారుమారు చేస్తుంది. 30 డిగ్రీల వేడిలో ఘనమీటరు గాలి 30 గ్రాముల పైచిలుకు నీటి ఆవిరిని మోయగలదు. 12 డిగ్రీల దగ్గర 11 గ్రాములు కూడా మోయలేదు. ఆ గాలి మన వెచ్చని ఒంటిని తాకి వేడెక్కగానే దానికి దాహం పుడుతుంది, దొరికిన చోటల్లా నీటిని పీల్చుకుంటుంది. డిసెంబరులో ఉత్తరం నుంచి వచ్చే పొడిగాలికి ఆ పని ఇంకా సులువు. పొద్దున మంచు కురిసింది కదా, తేమ ఉంది కదా అనుకుంటాం. ఎండెక్కాక అదే గాలి ఎండుగాలి అవుతుంది.

ముందుగా పగిలేది మడమలు, పెదవులు, పిక్కలు. దానికి కారణముంది. అరచేతుల్లో, అరికాళ్లలో నూనె గ్రంథులు ఒక్కటీ ఉండవు. పిక్కల మీద చాలా తక్కువ. పెదవి మీది పొర మరీ పల్చన, పైగా మనం దాన్ని నాకుతూ ఉంటాం. తడిసిన ప్రతిసారీ ఆరేటప్పుడు అది ఇంకాస్త నీటిని పోగొట్టుకుంటుంది. వయసు పైబడినకొద్దీ నూనె ఊరడం తగ్గుతుంది. అందుకే చలికాలంలో ముసలివాళ్ల పిక్కల మీద ఎండిన చెరువు మట్టిలా నెర్రెలు కనిపిస్తాయి. రాత్రి దుప్పటి కప్పుకోగానే దూల మొదలై గోకుడు ఆగదు, గోకిన చోట రసి కారుతుంది.

ఇక కొందరికి ఏది రాసినా మంట, ఏ సబ్బయినా దురద. ఈ సున్నితత్వం అలవాటు వల్లే వచ్చిందనుకోకూడదు. చర్మం గోడను గట్టిపరిచే ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. అది విడిపోయి చర్మం తనకు తాను తేమ పట్టుకునే పదార్థాలుగా మారుతుంది. ఆ ప్రొటీన్ జన్యువులో లోపం ఉన్నవాళ్లకు చర్మం పుట్టుకతోనే పొడి, ఎగ్జిమా ముప్పు ఎక్కువ అని 2006లో స్కాట్లాండ్‌లోని డండీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు చూపించారు. తల్లికో తండ్రికో ఉబ్బసమో, ఏటా తిరగబెట్టే తుమ్ములో ఉండి పిల్లవాడి మోచేతి మడతల్లో, మోకాలి వెనక ఎర్రగా దురద పెడుతుంటే, తిండిలో పథ్యాలు వెతికే ముందు చర్మం వైపు చూడాలి. వంకాయ మానేసినంత మాత్రాన ఈ గోడ కట్టుకోదు.

ఉడుకునీళ్ల సుఖం

చలికి ఉడుకునీళ్లు ఎంత హాయో చెప్పనక్కర్లేదు. కట్టెల పొయ్యి మీద కాగులో కాగిన నీళ్లకు ఇప్పుడు హీటరు రాడ్డు తోడైంది. ఆ హాయి మూల్యాన్ని చర్మం చెల్లిస్తుంది. వేడి నీరు ఇటుకల మధ్య సున్నాన్ని కరిగిస్తుంది, సబ్బు ఆ కరిగినదాన్ని కడుక్కుపోతుంది. చర్మం పైపొర స్వభావం కొంచెం ఆమ్లం, పీహెచ్ దాదాపు 5. మామూలు సబ్బు క్షారం, 9 నుంచి 10 మధ్య. రెంటికీ సఖ్యత కుదరదు.

సబ్బు కొనేటప్పుడు వెనకవైపు చూడాల్సింది వాసన పేరు కాదు, టీఎఫ్‌ఎం (మొత్తం కొవ్వు పదార్థం) అన్న అంకె. భారత ప్రమాణాల ప్రకారం ఒకటో రకం టాయ్‌లెట్ సబ్బులో ఈ కొవ్వు పదార్థం కనీసం 76 శాతం ఉండాలి, రెండో రకంలో 70, మూడో రకంలో 60. ‘బేతింగ్ బార్’ అని రాసి ఉంటే 40 శాతం ఉన్నా చాలు. అంకె పెద్దదైతే చర్మానికి అంత ఊరట అని మోటు లెక్క. ఎగ్జిమా ఉన్నవాళ్లకు మాత్రం ఒకటో రకమూ సరిపడకపోవచ్చు. సబ్బు లేని, వాసన వేయని క్లెన్సర్లు వాళ్లకు మేలు.

నీళ్లకూ పాత్ర ఉంది. మన బోర్లలో చాలావాటి నీళ్లు ఉప్పుతనం, కఠినత్వం ఉన్నవి. సబ్బు నురగ రాదు, వచ్చిన తెట్టు చర్మానికి అంటుకుని కూర్చుంటుంది. తాగునీటికి కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదన్నది భారత ప్రమాణం, వేరే నీరు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటుంది. ఇంట్లో రెండు రకాల నీళ్లుంటే, కనీసం పసిపిల్లలకూ ఎగ్జిమా ఉన్నవాళ్లకూ చివరి చెంబు మిషన్ భగీరథ నల్లా నీళ్లు పోయడం మంచిది.

చలికాలం స్నానం ఎట్లా ఉండాలంటే, గోరువెచ్చని నీళ్లు, అయిదు నుంచి పది నిమిషాలు, సబ్బు చంకలకూ గజ్జలకూ పాదాలకూ మాత్రమే. రోజూ ఒళ్లంతా రుద్దాల్సినంత మురికి మనలో చాలామందికి అంటదు. సాంచాల దగ్గర, తంబాకు దగ్గర, సిమెంటు దగ్గర పనిచేసేవాళ్లకు అంటుతుంది, వాళ్లు పని అయిన వెంటనే కడుక్కోవాల్సిందే. పీచు, రాయి మాత్రం చలికాలం పోయేదాకా గూట్లో ఉండనివ్వండి. సున్నిపిండి పండుగనాటి మర్యాద. రోజూ గరుకుగా రుద్దితే అదీ గీస్తుంది, పగిలిన చర్మానికి పసుపు కూడా కొందరికి పడదు.

మూడు నిమిషాలు

తువ్వాలుతో గట్టిగా తుడవకుండా అద్దుకుని, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే, మూడు నిమిషాల లోపు పూత పూయాలి. ఈ కథనంలో ఒక్క మాటే గుర్తుంచుకునే ఓపిక ఉంటే, ఇది గుర్తుంచుకోండి. వాజిలీనుగానీ క్రీముగానీ చర్మానికి నీళ్లు ఇవ్వదు, ఉన్న నీళ్లను పోనివ్వకుండా మూత వేస్తుంది. ఆరిపోయిన చర్మం మీద రాస్తే మూత వేయడానికి కింద ఏమీ మిగలదు. పొద్దున స్నానం చేసి, బట్టలు కట్టుకుని, దేవుడికి దండం పెట్టి, చాయ్ తాగి, అప్పుడు గుర్తొచ్చి రాసుకునే ఖరీదైన క్రీము కన్నా, స్నానాల గదిలోనే రాసుకునే అగ్గువ వాజిలీను ఎక్కువ పని చేస్తుంది.

మూతల్లో బలమైనది ఇప్పటికీ పాత పెట్రోలియం జెల్లీయే. అమెరికాలో రాబర్ట్ చెస్‌బ్రో 1872లో దానికి పేటెంటు తీసుకున్నాడు. చర్మం నుంచి నీరు ఆవిరి కావడాన్ని ఇంతకు మించి ఆపేది దాదాపు లేదు. జిడ్డుగా ఉంటుంది, దుమ్ము పడుతుంది, చెమటపట్టే పనిలో చిరాకు. అందుకే పగలు క్రీము, రాత్రి జెల్లీ అని పంచుకోవచ్చు. గ్లిజరిన్ ఇంకో దారిలో పనిచేస్తుంది, నీటిని పట్టి ఉంచుతుంది. చిక్కటిది నేరుగా రాస్తే లోపలి పొరల నీటినే లాగి మంట పుట్టిస్తుంది, కాబట్టి నీళ్లు కలిపి, తడి చర్మం మీద, పైన జెల్లీ పూత. మందంగా గట్టిపడిన మడమలకు యూరియా కలిసిన క్రీములు మెత్తదనం తెస్తాయి. నెర్రెలు నెత్తురు చూపిస్తున్నప్పుడు అవే భగ్గున మండుతాయి, ముందు జెల్లీతో మాననిచ్చి తర్వాత రాయాలి.

ఎంత రాయాలన్నదాంట్లో మనం పిసినారులం. ఎగ్జిమా ఉన్న పిల్లలకు వారానికి 250 నుంచి 500 గ్రాముల పూత వాడమని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. మన ఇళ్లలో చిన్న డబ్బా సంక్రాంతికి తెరిస్తే ఉగాదికి కూడా అడుగంటదు. ఇక్కడ మధ్యతరగతికీ కూలివాళ్లకూ కనిపించే దారి ఒక్కటే, పరిమళమూ రంగూ లేని అగ్గువ రకాన్ని పెద్ద డబ్బాలో కొనడం.

మరి నూనెలు? జగిత్యాల నేల నువ్వులది. పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నువ్వుల రకాలను రూపొందించింది, జగిత్యాల తిల్ వన్ ఆ ఊరి పేరునే మోస్తుంది. నువ్వుల నూనెలో చర్మం గోడకు ఉపయోగపడే లినోలిక్ ఆమ్లం నలభై శాతానికి అటూ ఇటూ ఉంటుంది. అంటే అమ్మమ్మ సీసా తప్పేమీ కాదు. అయితే అమ్మమ్మ వేళ వేరు. ఒళ్లంతా నూనె పట్టించి, నానబెట్టి, సున్నిపిండితో రుద్ది తీసేసేది. మిగిలిన నూనె తక్కువ. స్నానం తర్వాత తడి మీద పల్చగా రాస్తేనే అది మూతగా నిలుస్తుంది. కొబ్బరినూనె ఒంటికి బాగానే సరిపడుతుంది. మడమలకు చిక్కటి ఆముదం పనికొస్తుంది. ఆవనూనె మాత్రం సున్నిత చర్మానికి వద్దు, చురుకు పుట్టిస్తుంది. పెద్ద ఇళ్లలో ఫ్యాషనైన ఆలివ్ నూనె సంగతి చెప్పాలి. ఇంగ్లండులోని షెఫీల్డ్ పరిశోధకులు 2013లో పెద్దవాళ్ల చర్మం మీద రాసి చూస్తే, అది గోడను బలహీనపరిచింది, పొద్దుతిరుగుడు నూనె చెరపలేదు. వంటింట్లో ఉన్న నూనె దిగుమతి సీసా కన్నా మెరుగని తేలిన అరుదైన సందర్భం ఇది.

ఒక అపోహ కూడా తీరాలి. పుట్టినప్పటి నుంచి క్రీము పూస్తే ఎగ్జిమా రానే రాదని కొన్నాళ్లు ఆశపడ్డారు. బ్రిటన్‌లో వెయ్యికి పైగా పసివాళ్ల మీద చేసి 2020లో ప్రకటించిన పెద్ద పరీక్షలో ఆ ఆశ నిలవలేదు. పూత వచ్చినదాన్ని అదుపులో ఉంచుతుంది, రాబోయేదాన్ని ఆపుతుందని హామీ లేదు. పసిగుడ్డుకు స్నానం పోసే పెద్దమ్మలు మాత్రం నీళ్ల వేడిని వేళ్లతో కాకుండా మోచేత్తో చూడాలి. రోజూ పట్టే సాంబ్రాణి పొగ పొడి చర్మానికీ ఊపిరికీ మంచిది కాదు.

మాల వేసుకున్న పాదాలు

కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ఈ ఊళ్లలో నల్లబట్టల అయ్యప్ప స్వాములు కనిపిస్తారు. నలభై ఒక్క రోజుల మండలం, పొద్దుటా సాయంత్రమూ చన్నీళ్ల స్నానం, చెప్పుల్లేని నడక. ఏడాదిలో మడమలకు అంతకు మించిన శిక్ష లేదు. సబ్బూ నూనే వద్దనుకునే స్వాములూ ఉన్నారు. భక్తికి అడ్డం రాని మార్గం ఏమిటంటే, రాత్రి పదిహేను నిమిషాలు పాదాలు గోరువెచ్చని నీళ్లలో పెట్టి, మెత్తగా తుడిచి, ఇంకా చెమ్మ ఉండగానే జెల్లీ పూసి నూలు మేజోళ్లు వేసుకోవడం. గురుస్వామిని అడిగితే మందుగా రాసుకోమనే అంటారని నా నమ్మకం. షుగరున్న స్వామి అయితే నేను భక్తిని కాస్త పక్కన పెట్టమంటాను. స్పర్శ తగ్గిన పాదానికి నెర్రె పడితే తెలియదు, తెలిసేసరికి పుండవుతుంది. నెర్రెల్లో కరిగించిన కొవ్వొత్తి పోయడం, బ్లేడుతో గీకడం వాళ్లకు అసలే పనికిరాదు.

చలిమంట దగ్గర కూర్చునేవాళ్లకు రెండు హెచ్చరికలు. రోజూ పిక్కలను మంటకు దగ్గరగా కాచుకుంటే కొన్ని వారాలకు చర్మం మీద వల అల్లినట్టు గోధుమరంగు మచ్చలు తేలతాయి. అవి అలాగే ఉండిపోవచ్చు. రెండోది ప్రాణానికి సంబంధించినది. జెల్లీ, పారాఫిన్ పూతలు రోజూ రాసుకుంటే అవి బట్టల్లో, దుప్పట్లో ఇంకిపోతాయి, ఆ బట్టకు నిప్పంటుకుంటే వేగంగా రాజుకుంటుంది. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2018లో ఇదే హెచ్చరిక చేసింది. పూత రాసుకున్న పెద్దమనిషిని మంటకు, పొయ్యికి దూరంగా కూర్చోబెట్టండి, దుప్పట్లు వారానికోసారి ఉతకండి.

గొంగడి గురించి ఒక్క మాట. దక్కనీ గొర్రె ఉన్ని చలిని అడ్డుకోవడంలో గొప్పది, పోగు మాత్రం ముతక. 30 మైక్రాన్లు దాటిన పోగు సున్నిత చర్మానికి గుచ్చుకుంటుంది. లోపల మెత్తటి పాత నూలు చీర వేసుకుని పైన గొంగడి కప్పుకుంటే రెండూ దక్కుతాయి. సిరిసిల్ల నేత దుప్పటి ఉన్నవాళ్లకు ఈ బాధే లేదు.

బీడీ చుట్టేవాళ్ల చేతులకు సలహా ఇవ్వడం తేలిక, పాటించడం కష్టం. చేతికి జిడ్డుంటే ఆకు జారుతుంది, వెయ్యి బీడీల లెక్క పూర్తికాదు, కూలి తగ్గుతుంది. కాబట్టి పని మధ్యలో రాయమనడం దండగ. చుట్టడం ముగిసి చేతులు కడుక్కున్నాక ఒకసారి, రాత్రి పడుకునే ముందు దండిగా ఒకసారి, పైన నూలు చేతితొడుగు. అంట్లు, బట్టలకు రబ్బరు తొడుగులు వేసుకుంటే సగం బాధ అక్కడే తప్పుతుంది. తంబాకు దుమ్ము చర్మానికి ఊరికే అంటదు, నికోటిన్ చర్మం గుండా లోపలికి కూడా వెళుతుంది. పగిలిన వేళ్లతో చుట్టకూడదనడానికి అది చాలు. ఏడాది పొడవునా ఈ చేతుల మీద లాభం తీసుకునే కంపెనీలు చేతితొడుగులూ జెల్లీ డబ్బాలూ ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు. సంఘాలు అడగాల్సిన డిమాండ్లలో ఇదొకటి కావాలి.

ట్యూబు

దురద పుడితే ముందుగా వెళ్లేది మందుల షాపుకు. అక్కడ చేతిలో పడే ట్యూబులో బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ వంటి స్టెరాయిడ్ ఉంటుంది, తోడుగా ఫంగస్ మందూ యాంటీబయాటిక్కూ. రెండు రోజుల్లో హాయిగా తగ్గుతుంది. అదే చిక్కు. ఆపగానే మళ్లీ వస్తుంది, మళ్లీ రాస్తాం. చర్మం పల్చబడుతుంది, ఎర్రటి నరాలు తేలతాయి, ముఖం మీద మొటిమలు, వెంట్రుకలు. అసలు జబ్బు తామర అయితే అది చచ్చిపోకుండా రూపు మార్చుకుని ఒళ్లంతా పాకుతుంది. తెల్లబడతామని ఇవే ట్యూబులను ముఖానికి పూసుకునే అమ్మాయిలూ అబ్బాయిలూ తక్కువ లేరు. 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. చట్టం అక్కడుంది, ట్యూబు ఇంకా సులభంగా దొరుకుతోంది.

డాక్టరు రాసిన స్టెరాయిడ్‌కు మాత్రం భయపడక్కర్లేదు. ఎగ్జిమా మండుతున్నప్పుడు చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు రాయడం మందు. దాన్ని దాచిపెట్టుకుని పక్కింటివాళ్లకు అరువివ్వడం తప్పు.

పొడి అనుకున్న ప్రతిదీ చలి వల్ల వచ్చినది కాదు. ఇంటిల్లిపాదికీ రాత్రిళ్లు వేళ్ల సందుల్లో, నడుం చుట్టూ దురద అయితే అది గజ్జి, వాజిలీనుకు తగ్గదు, అందరూ ఒకేసారి మందు వాడాలి. పొలం పనికి వెళ్లేవాళ్లకు ముఖం, మెడ, మోచేతి మడతలు మాత్రమే నల్లబడి మందంగా మారితే వయ్యారిభామ మొక్కను అనుమానించాలి. ఒళ్లు పొడితో పాటు నీరసం, బరువు పెరగడం, మలబద్ధకం ఉంటే థైరాయిడ్ పరీక్ష అవసరం. దురద లేకుండా, పాలిపోయి, చీమ కుట్టినా తెలియని పొడి మచ్చ ఉంటే ఒక్క రోజు ఆలస్యం చేయొద్దు, అది కుష్ఠు కావచ్చు. కుష్ఠు వ్యాధికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో మందు ఉచితం, త్వరగా మొదలుపెడితే వైకల్యం రాదు. జగిత్యాలలో 2022 నుంచి, సిరిసిల్లలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి. చర్మవైద్యుడి కోసం కరీంనగర్, హైదరాబాద్ బస్సెక్కే ముందు వాటి ఆసుపత్రుల్లో ఓపీ వేళలు కనుక్కోండి.

ఈ ఆదివారం ఇంట్లో రెండు పనులు చేయండి. పెద్దవాళ్ల పిక్కలు, మడమలు ఒకసారి చూసి, స్నానం కాగానే మీరే పూత రాయండి, వాళ్ల నడుము వంగదు. అలమారలో ఉన్న ట్యూబుల పేర్లు చదవండి. ‘సోన్’, ‘సాల్’ అని ముగిసే మందు పేరు కనిపించి, దానికి డాక్టరు చీటీ లేకపోతే, ఇక రాయకుండా దాన్ని పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.